టేబుల్ ఆట్రిబ్యూట్ మార్చినా డేటా పాత పట్టికలోకే పోతోందా?

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల కాటా ప్రోగ్రాములు మొరాయించేది సరిగ్గా జూన్, జూలైలలోనే. బయట తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. లోపల ప్రోగ్రామర్ క్లాసు మీది టేబుల్ ఆట్రిబ్యూట్ (ఆ క్లాసు డేటా ఏ పట్టికలోకి పోవాలో చెప్పే గుర్తు) స్పెల్లింగును మళ్లీ మళ్లీ చదువుతుంటాడు. ముందు ఈఎఫ్ కోర్ (డాట్‌నెట్ క్లాసులను డేటాబేసు పట్టికలతో కలిపే లైబ్రరీ) పంపుతున్న ఎస్‌క్యూఎల్ చూడండి స్వామీ! 5వ వెర్షన్ నుంచి లాగ్‌టు అనే ఒక్క లైను చాలు, ప్రతి క్వెరీ కనబడుతుంది. ఏ డేటాబేసుకు కనెక్ట్ అయ్యారో కూడా అప్పుడే చూసుకోండి. టెస్ట్ సర్వర్‌లోకి రాస్తూ అసలు సర్వర్‌లో వెతికేవారు తక్కువేమీ కాదు.

సమస్య: పట్టిక లేదని ఎర్రర్.
టేబుల్ ఆట్రిబ్యూట్ లేకపోతే డీబీసెట్ (కోడులో ఆ పట్టికకు ప్రతినిధి) ప్రాపర్టీ పేరే పట్టిక పేరవుతుంది. అసలు పేరుతో ఆట్రిబ్యూట్ రాయండి.

సమస్య: ప్రైమరీ కీ లేదని ఎర్రర్.
ఐడీ, లేదా క్లాసు పేరుకు ఐడీ చేర్చిన పేరు ఉంటేనే తనంతట తాను గుర్తిస్తుంది. కాటా చీటీ నంబరే కీ అయితే దాని మీద కీ ఆట్రిబ్యూట్ పెట్టండి.

సమస్య: ఎర్రర్ లేదు, సేవ్ అయిందంటోంది, కొత్త పట్టిక మాత్రం ఖాళీ.
మనుషులను ఏడిపించేది ఇదే. కొత్త సీజనుకు కొత్త పట్టిక చేసి, ఆట్రిబ్యూట్‌లో పేరు మారుస్తారు. కానీ క్లాసులకూ పట్టికలకూ లంకె కోడుతో రాసే ఆన్‌మోడల్‌క్రియేటింగ్‌లో ఎవరో ఎప్పుడో టూటేబుల్ అని పాత పేరు రాసి ఉంటారు. ఆట్రిబ్యూట్, ఫ్లూయెంట్ ఏపీఐ (టూటేబుల్ లాంటి కోడు లైన్లు) రెండూ ఉంటే ఫ్లూయెంట్ మాటే చెల్లుతుంది. కాలమ్ ఆట్రిబ్యూట్ మీద హ్యాజ్‌కాలమ్‌నేమ్‌దీ ఇదే పెత్తనం. పాత పట్టిక ఇంకా బతికే ఉంది కాబట్టి లోడ్లన్నీ నిశ్శబ్దంగా అందులో చేరుతుంటాయి. అది లేకపోయి ఉంటే ఎర్రరైనా వచ్చేది. ఆన్‌మోడల్‌క్రియేటింగ్‌లో ఏమీ కనబడలేదని ఊరుకోకండి. అక్కడ అప్లైకాన్ఫిగరేషన్స్‌ఫ్రమ్‌అసెంబ్లీ అని ఒక్క లైనే ఉండి, అసలు టూటేబుల్ ఇంకో ఫోల్డరులోని కాన్ఫిగరేషన్ క్లాసులో దాక్కుని ఉండవచ్చు. ప్రాజెక్టు మొత్తంలో టూటేబుల్ కోసం వెతకండి. అనుమానం తీరకపోతే మోడల్ నుంచి ఫైండ్‌ఎంటిటీటైప్‌తో క్లాసును పట్టుకుని, గెట్‌టేబుల్‌నేమ్ ఏం చెబుతుందో ప్రింట్ చేయండి.

ఆ టూటేబుల్ లైను తీసేయండి, పేరు ఒక్కచోటే ఉంచండి. తర్వాత తయారయ్యే మైగ్రేషన్ (డేటాబేసును మోడల్‌కు తగ్గట్టు మార్చే స్క్రిప్టు) పాత పట్టిక పేరు మార్చాలని చూస్తుంది. కొత్త పట్టికను మీరు ముందే చేతితో సృష్టించి ఉంటే అది విఫలమవుతుంది, కాబట్టి నడిపే ముందు చదవండి. పాత పట్టికలో పడిన లోడ్లను ఇన్‌సర్ట్-సెలెక్ట్‌తో తరలించవచ్చు. అయితే రైతుల చెల్లింపుల పట్టిక పాత ఐడీలను పట్టుకుని ఉంటే, ఆ ఐడీలు అలాగే రావాలి. లేదంటే ఒకరి లోడు డబ్బు ఇంకొకరి ఖాతాలో కనబడుతుంది.

ఇక స్కీమా పేరు వదిలేయడం, పోస్ట్‌గ్రెస్‌లో క్యాపిటల్ అక్షరాల తేడా: రెండూ సాధారణంగా ఎర్రరుతోనే బయటపడతాయి, లాగ్‌లోని పేరును డేటాబేసులోని పేరు పక్కన పెడితే తేలిపోతాయి.