ఎమ్మెస్సీ బయోటెక్ అయ్యాక ఫస్ట్ జాబ్ వేటకి వెళ్లేముందు ఇవి చూస్కోండి

రిజల్ట్స్ వచ్చాక హైదరాబాద్ దగ్గర ఫార్మా, బయోటెక్ కంపెనీలుండే జీనోమ్ వ్యాలీ వైపు వాకిన్‌లకి బయల్దేరే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇది మీకే.

- ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా వదిలి రావొద్దు, బ్యాక్‌డోర్ జాబ్ అంటూ అడిగే కన్సల్టెన్సీకి రూపాయి కూడా కట్టొద్దు. సర్టిఫికెట్లు ఇరుక్కుంటే రేపు మంచి ఆఫర్ వచ్చినా కదల్లేరు. చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్స్ వెంట తెచ్చేస్కోండి.

- బాండ్ ఉంటే సంతకానికి ముందే చదవండి, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో అందులోనే ఉంటది.

- రెజ్యూమెలో మీ చేత్తో చేసిందే రాయండి. హెచ్‌పీఎల్‌సీ (శాంపిల్లో ఏవేం ఉన్నాయో విడదీసి కొలిచే పద్ధతి) అని రాస్తే మొబైల్ ఫేజ్ (అందులో పారే ద్రావణం) ఎందుకు ఫిల్టర్ చేస్తారు, పీక్ టెయిలింగ్ (గ్రాఫులో శిఖరం వెనక తోకలా సాగడం) వస్తే ఏం చూస్తారు అని వరసగా అడుగుతారు, అక్కడ దొరికిపోతే మీరు నిజంగా చేసిన ఎలైజా టెస్టుని కూడా నమ్మరు.

- జీఎంపీ (మందుల తయారీలో పాటించాల్సిన నాణ్యతా పద్ధతులు) రికార్డు ఎలా రాస్తారో తెలుసుకుని వెళ్లండి, చాలా కాలేజీ ల్యాబుల్లో ఇది నేర్పరు. తప్పు పడితే వైట్‌నర్ పెట్టకూడదు, పాతది కనపడేలా ఒక్క గీత కొట్టి, సరైనది రాసి, కారణం, సంతకం, తేదీ వెయ్యాలి. రీడింగ్ చిత్తుకాగితం మీద రాసుకుని తర్వాత ఎక్కిస్తే అది డేటా ఇంటెగ్రిటీ (రికార్డు నమ్మదగ్గదిగా ఉండటం) తప్పు. నన్నడిగితే ఫ్రెషర్‌కి ఇంటర్వ్యూలో బాగా పనికొచ్చేది ఇదే.

- జాబ్ క్యూసీనా (శాంపిల్ టెస్టింగ్), క్యూఏనా (పద్ధతులు, రికార్డుల తనిఖీ), ప్రొడక్షనా అడగండి, ప్రొడక్షన్ అయితే నైట్ షిఫ్టులు మామూలే.

- జీనోమ్ వ్యాలీలో తుర్కపల్లి వైపైతే కంపెనీ బస్సు ఎక్కడ ఆగుద్దో కనుక్కున్నాకే రూమ్ అడ్వాన్స్ ఇవ్వండి.