ట్రాలీ ఇసుకకు టేపు పెట్టండి

ఇల్లు కట్టించాలనుకుంటే ‘అన్నా, అడుగుకు ఎంత పడుతుంది?’ అని అడగడం ముందు మానేయండి. నల్లగొండ మేస్త్రీ ఒకటి చెప్తాడు, దేవరకొండ మేస్త్రీ ఇంకోటి చెప్తాడు, ఇద్దరూ అబద్ధమాడరు, ఒకరి రేటులో సెంట్రింగ్ (కాంక్రీటు పోయడానికి కింద కట్టే అచ్చు) ఉంటుంది, ఇంకొకరి రేటులో ఉండదు, అంతే తేడా. మేం ఊళ్లో అమ్మానాన్నలకు తెలంగాణ ప్రభుత్వ పథకం కింద ఇందిరమ్మ ఇల్లు కట్టించినప్పుడు మాకు డబ్బులు పోయింది రేటు దగ్గర కాదు, కొలత దగ్గర.

పథకం కింద కట్టేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. 5 లక్షలు ఒకేసారి రావు, విడతల వారీగా వస్తాయి, మొదటి లక్ష బేస్‌మెంట్ అయ్యాకే. అంటే బేస్‌మెంట్ దాకా డబ్బు మీదే. పంచాయతీ సెక్రటరీ వచ్చి ముగ్గు పోయించి ఫోటో తీసేదాకా గడ్డపార పట్టకండి. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు; ‘ఇంకో చిన్న రూం వేద్దాం’ అని మేనమామ ఎవరో ఒకరు అంటారు, వినకండి, బిల్లు ఆగితే ఆయన ఇవ్వడు.

పునాది సంగతి మీ నేలను బట్టి. చల్క నేలలో (ఎర్రటి ఇసుక నేల) కాస్త లోతుకే గట్టి మొరం తగులుతుంది, ఒక్క అంతస్తుకే అయితే సైజు రాళ్లతో కట్టుకోవచ్చు. రేగడి అయితే మాత్రం ఇక్కడ పైసలు మిగుల్చుకోవాలని చూడకండి, ఎండాకాలం బిగుసుకుని వానాకాలం ఉబ్బే నేల అది, గోడలు చీలుస్తుంది.

ఇక ఇసుక. ట్రాక్టర్ వాడు ‘ఫుల్ ట్రిప్పు’ అంటాడు. టేపు తీసి ట్రాలీ లోపలి పొడవు, వెడల్పు, ఇసుక ఎత్తు అడుగుల్లో కొలవండి, మూడూ గుణించండి, 100 ఘనపుటడుగులు వస్తే ఒక యూనిట్. ఇంకో మెలిక ఉంది: కాస్త తడిగా ఉన్న ఇసుక ఉబ్బుతుంది, నాలుగో వంతు దాకా కూడా. నమ్మకపోతే ఒక గ్లాసులో ఇసుక పోసి గీత పెట్టండి, నిండా నీళ్లు పోసి కలపండి, ఇసుక ఎంత కిందికి దిగుతుందో చూడండి. మా రెండో ట్రిప్పుకు నేను ఇదే చేశాను, డ్రైవర్ కొంచెంసేపు గ్లాసు వంక, కొంచెంసేపు నా వంక చూసి, ‘సరే సార్, ఓ యాభై తగ్గించుకోండి’ అన్నాడు. యాభై చాలదు, కానీ మొదటి ట్రిప్పుకు అదీ రాలేదు.

సలాకలు షాపులో కిలోల్లో బిల్లవుతాయి, ఇంటికొచ్చేది మాత్రం లెక్కకు కడ్డీలే. లెక్క చాలా సులువు: మందం మిల్లీమీటర్లలో తీసుకుని దాన్ని దాంతోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 మీటర్ల కడ్డీ అయితే 8 ఎంఎం సుమారు 4.7 కిలోలు, 10 ఎంఎం 7.4, 12 ఎంఎం 10.7. కొంచెం అటూఇటూ ఉండొచ్చు. కడ్డీలు ఎంచి, గుణించి, కాంటా చీటీతో పోల్చండి. ‘రేపు పైన వేస్తాం’ అని పిల్లర్ల మీద సలాకలు వదిలేస్తారు కదా, మా వీధిలో అవి తుప్పుపట్టి బట్టలారేసుకోడానికి పనికొస్తున్నాయి. నిజంగా వేసేది లేకపోతే వద్దు.

సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. పన్ను లేకుండా 300 ఉన్న బస్తా 384 నుంచి 354కి రావాలి, అంటే పాత కొటేషన్ పట్టుకుని కూర్చోకండి. బస్తా మీద తయారైన వారం, ఏడాది ముద్రించి ఉంటాయి, మూడు నెలలు దాటింది వద్దు. వాడపల్లి, మేళ్లచెరువు ఫ్యాక్టరీలు మన పక్కనే ఉండగా పాతది మోయాల్సిన ఖర్మ మనకేంటి?

స్లాబు 600 చదరపు అడుగులు, 5 అంగుళాల మందం అనుకుందాం. 250 ఘనపుటడుగుల కాంక్రీటు. సిమెంటు ఒకటి, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు పాళ్లలో కలిపితే సుమారు 57 బస్తాలు, 105 ఘనపుటడుగుల ఇసుక, 210 కంకర. బీములు, సజ్జలు దీనికి అదనం. స్లాబు రోజు చుట్టాలతో కబుర్లు పెట్టుకోకుండా మిల్లర్ (కాంక్రీటు కలిపే మిషను) పక్కన నిలబడి ఖాళీ సంచులు లెక్కపెట్టండి. మాల్ (కలిపిన కాంక్రీటు) జారుడుగా ఉండాలని నీళ్లు ఎక్కువ పోస్తుంటే అక్కడే ఆపించండి, బలం తగ్గేది దాంతోనే.

మర్నాడు పొద్దున్నే స్లాబు మీద మట్టితో చిన్న చిన్న మడులు కట్టించి నీళ్లు నిలబెట్టండి, కనీసం పది రోజులు. ఏప్రిల్, మే నెలల్లో పాలమూరు ఎండకు మధ్యాహ్నానికే ఇంకిపోతాయి, కాబట్టి సాయంత్రం ఇంకోసారి ఎక్కి చూడాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే స్లాబు మాల్ వరకైనా మంచి నీళ్ల ట్యాంకర్ చెప్పండి.