ప్రోస్టేట్ ఇబ్బంది ఉంటే హార్మోన్ టెస్టులు ఎలా చేయించుకోవాలి, డాక్టర్‌కి ఏం చెప్పాలి

యాభై దాటిన మగవాళ్ళు రాత్రి మూడు నాలుగు సార్లు లేచి బాత్రూంకి వెళ్తుంటే ఇంట్లో వాళ్ళు వయసు కదా అని వదిలేస్తారు, ఇంకొందరేమో మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ తగ్గిపోయి ఉంటుందని యూట్యూబ్‌లో చూసి బూస్టర్ పౌడర్లు తెప్పించుకుంటారు. దయచేసి రెండూ చేయొద్దండీ.

లోపల జరిగేది ఇది. ప్రోస్టేట్ అంటే మగవాళ్ళకి మూత్రాశయం కింద, యూరిన్ గొట్టం చుట్టూ ఉండే గ్రంథి, అది పెరిగితే ఆ గొట్టాన్ని నొక్కుతుంది. టెస్టోస్టిరాన్ ప్రోస్టేట్‌లోకి వెళ్ళాక 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్ దాన్ని డీహెచ్‌టీ అనే హార్మోన్‌గా మారుస్తుంది, ఇది చాలా పవర్‌ఫుల్, గ్రంథిని పెంచేది ముఖ్యంగా ఇదే. డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టుకతోనే ఈ ఎంజైమ్ లోపం ఉన్న కుటుంబాల గురించి 1974లో డాక్టర్లు రాశారు, ఆ మగవాళ్ళకి టెస్టోస్టిరాన్ బాగానే ఉంది కానీ ప్రోస్టేట్ మాత్రం చాలా చిన్నగా ఉంది, బట్టతల కూడా రాలేదు. ఈ ఎంజైమ్‌ని ఆపే ఫినాస్టెరైడ్ మందుకి దారి చూపించింది ఆ విషయమే. వయసుతో రక్తంలో టెస్టోస్టిరాన్ మెల్లగా తగ్గుతున్నా గ్రంథి ఎందుకు పెరుగుతుంది అంటే లోపల డీహెచ్‌టీ తయారీ ఆగదు కాబట్టి. దానికి తోడు పొట్ట ఉంటే కొవ్వులో ఉండే అరోమటేజ్ అనే ఎంజైమ్ కొంత టెస్టోస్టిరాన్‌ని ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్‌గా మార్చేస్తుంది, ఈ తేడా కూడా గ్రంథి పెరగడానికి తోడవుతుందని డాక్టర్లు అనుకుంటారు. అందుకే పొట్ట, షుగర్ తగ్గించుకోమని చెప్పేది ఊరికే కాదు.

ఇక చేయాల్సిన పని. డాక్టర్ దగ్గరకి వెళ్ళే ముందు ఒక మూడు రోజులు కాగితం పెట్టుకుని ఎన్ని గంటలకి వెళ్ళారు, సుమారు ఎంత వచ్చింది, ఏం తాగారు రాసుకోండి, ధార సన్నగా వస్తుందా, ఆగి ఆగి వస్తుందా, అయిపోయాక కూడా ఇంకా మిగిలినట్టు ఉంటుందా అన్నది కూడా. వాడే మందులన్నీ రాయండి. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు, నీరు తీసే బీపీ మాత్రలు వాడితే యూరిన్ ఎక్కువే వస్తుంది, దాన్ని ప్రోస్టేట్ మీదకి నెట్టేయకూడదు. జలుబు మాత్రలు కొన్ని అయితే ఉన్నట్టుండి యూరిన్ బిగించేస్తాయి, ప్రోస్టేట్ పెరిగినవాళ్ళు వాటిని డాక్టర్‌ని అడక్కుండా వేసుకోవద్దు.

పీఎస్ఏ అంటే ప్రోస్టేట్ తయారుచేసే ఒక ప్రోటీన్, రక్తంలో అది ఎంత ఉందో ఈ టెస్టు చూస్తుంది. పీఎస్ఏ టెస్టుకి ముందు రెండు రోజులు సైకిల్ తొక్కడం, సెక్స్ ఆపండి, యూరిన్ ఇన్ఫెక్షన్ ఉంటే తగ్గాక కొన్ని వారాలు ఆగి ఇవ్వండి, లేకపోతే నంబర్ తప్పుగా పెరిగి అనవసరంగా భయపడతారు. పీఎస్ఏ ఎక్కువ వచ్చినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు, మామూలు వాపుకి కూడా పెరుగుతుంది.

టెస్టోస్టిరాన్ టెస్టు మాత్రం తప్పకుండా పొద్దున్నే, పది గంటల లోపే, ఖాళీ కడుపుతో ఇవ్వాలి, సాయంత్రానికి అది తగ్గుతుంది. తక్కువ వస్తే ఇంకో రోజు మళ్ళీ చేయించి అప్పుడు మాట్లాడండి, ఒక్క రిపోర్టు చూసి టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టేవాళ్ళని నమ్మకండి. ఇంజెక్షన్ నిజంగా అవసరమైతే కూడా ముందు పీఎస్ఏ చూడాలి, ఎందుకంటే ఇది కొత్తగా క్యాన్సర్ పుట్టిస్తుందని రుజువు లేకపోయినా అప్పటికే లోపల ఉన్న క్యాన్సర్‌కి మగ హార్మోనే తిండి. 1941లో చార్లెస్ హగ్గిన్స్ హార్మోన్ తగ్గిస్తే ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్ తగ్గడం చూపించాడు, 1966లో నోబెల్ వచ్చింది ఆయనకి.

ఇప్పుడు అందరూ దాచేసే విషయం ఒకటి చెప్తా, జుట్టు రాలకుండా వేసుకునే మాత్ర. అది 1 మిల్లీగ్రాము ఫినాస్టెరైడ్, ప్రోస్టేట్‌కి ఇచ్చేది అదే మందు 5 మిల్లీగ్రాములు. ఆరు నెలలు దాటి వాడితే ఇది పీఎస్ఏని సుమారు సగానికి తగ్గిస్తుంది, అంటే రిపోర్టులో 2.5 ఉంటే అసలు 5 అనుకోవాలి. సిగ్గుపడి డాక్టర్‌కి చెప్పకపోతే ప్రమాదం కనపడకుండా పోతుంది, ల్యాబ్ వాళ్ళు అడగరు, మీరే చెప్పాలి.

ఫినాస్టెరైడ్ ఇస్తే ఆరు నెలలన్నా పడుతుంది, నెలకే పని చేయట్లేదని మానేయకండి. ప్రోస్టేట్‌కి ఇచ్చే ఇంకో మాత్ర టామ్సులోసిన్, అది కొన్ని రోజుల్లోనే ధారని తేలిక చేస్తుంది కానీ గ్రంథిని తగ్గించదు, లేచి నిలబడేటప్పుడు తల తిరగొచ్చు, కాబట్టి రాత్రి మంచం మీద కాసేపు కూర్చుని లేవండి, కంటి శుక్లం ఆపరేషన్ ఉంటే కంటి డాక్టర్‌కి ఈ మాత్ర సంగతి ముందే చెప్పండి.

యూరిన్‌లో రక్తం వచ్చినా, చలిజ్వరంతో మంట ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, యూరిన్ పూర్తిగా ఆగి పొట్ట ఉబ్బితే అర్ధరాత్రి అయినా ఎమర్జెన్సీకి వెళ్ళాలి. ఇంకొకటి, ఇంట్లో కోడలో కూతురో గర్భిణిగా ఉంటే ఫినాస్టెరైడ్ మాత్ర విరిగినా పొడి అయినా వాళ్ళు ముట్టుకోకూడదు, మగబిడ్డ అయితే ఎదుగుదలకి ముప్పు, ఆ డబ్బాని విడిగా పెట్టండి.