బేస్ గిటార్‌కు ఇంట్లనే డ్రమ్మర్

ఇంట్ల ఒక్కరే బేస్ వాయించుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక ముచ్చట. నల్లగొండల నాకు తోడు డ్రమ్మర్ దొరకక చాన్నాళ్లు ఉత్త మెట్రోనోమ్‌తోనే (టిక్ టిక్ అని తాళం కొట్టేది) కూసున్న. యూట్యూబ్‌ల 'డ్రమ్ ట్రాక్ 80 బీపీఎం' అని వేగం అంకెతో సహా (బీపీఎం అంటే నిమిషానికి ఎన్ని దెబ్బలో) ఇంగ్లిష్‌ల వెతుకుర్రి, ఉత్త డ్రమ్సే వస్తయి. కీబోర్డ్, గిటార్ కూడా కావాలంటే 'బేస్‌లెస్ బ్యాకింగ్ ట్రాక్' (బేస్ లేకుండ తోడు వాయిద్యాలు) అని కొట్టాలె. ఆ 'బేస్‌లెస్' మర్చిపోవద్దు. లేకుంటే లీడ్ గిటార్ వాళ్లకోసం చేసినవి వస్తయి, వాటిల బేస్ ముందే ఉంటది, మన తప్పు మనకు వినపడదు.

వేగం అందకపోతే సెట్టింగ్స్‌ల 0.75 పెట్టుర్రి. 100 బీపీఎం ట్రాక్ 75కు దిగుతది, శ్రుతి మాత్రం మారదు. డప్పు నడక పాటలు వాయించేటోళ్లు '6/8' (ఆరు దెబ్బల తాళం) అని కలిపి వెతకాలె.

నాకు అన్నిటికన్న పనికొచ్చింది హైడ్రోజన్. కంప్యూటర్‌ల నడిచే ఉచిత డ్రమ్ మెషీన్. మూడు బార్లు (బారు అంటే తాళం ఒక చుట్టు) డ్రమ్స్ పెట్టి, నాలుగో బారు ఖాళీగ వదిలి, తిప్పి తిప్పి వాయించుర్రి. ఖాళీల లెక్క తప్పినమా లేదా అన్నది మళ్ల మొదటి కిక్ (కాలితోటి కొట్టే పెద్ద డ్రమ్) పడంగనే తెలుస్తది. వారం చేసినంక రెండు బార్లు ఖాళీ పెట్టుర్రి.

ఇయర్‌ఫోన్స్ తప్పకుండ పెట్టుకోవాలె. బేస్ లావు తీగ మోత సుమారు 41 హెర్ట్జ్, కిక్ డ్రమ్ కూడా ఆ కిందనే ఉంటది. ఫోన్ స్పీకర్ల ఆ మోత రాదు.