బొగ్గు పొయ్యి సరిగా రాజుకోకపోతే: నా అనుభవం

గది వెచ్చబెట్టే పొయ్యిలో బొగ్గు సుయ్‌మంటూ పొగలేగాని మంట లేదు. పొయ్యి తలుపు అద్దం చూస్తుండగానే మసిబారేది. పొగగొట్టం శుభ్రం చేయించడం, గాలి తలుపు బార్లా తెరవడం, ఖరీదైన బొగ్గు కొనడం, ఏదీ ఫలించలేదు.

చివరికి బొగ్గు పెట్టె అడుగున చెయ్యి పెట్టి చూస్తే తడిసిన నల్లటి బొగ్గుపొడి ముద్దగా వచ్చింది. ముందు పెట్టె మొత్తం ఖాళీ చేశాను. నీరు దిగిపోయేలా అడుగున రంధ్రాలు వేసి, పైన చెక్క పట్టీలు పరిచాను. తర్వాత అర అంగుళం కన్నాల జల్లెడతో బొగ్గంతా జల్లించాను. పొయ్యి బాగా రాజుకోవడం ఎక్కువగా దీనివల్లే అనుకుంటాను: బొగ్గుపొడి పొయ్యిలోని ఇనుప జాలీ సందులను పూడ్చేస్తే కింది నుంచి గాలి అందదు. ఆరిన పాత బొగ్గును ముందువైపు పోసి, కొత్తదాన్ని వెనక్కు నెట్టాను. ఇప్పుడు కొనేటప్పుడు బస్తా అడుగు తడిమి చూస్తున్నాను. తూకానికి కొంటున్నాం కదా, నీళ్లకు డబ్బెందుకు?

నాది బిట్యుమినస్ రకం, అంటే మామూలు మెత్తటి బొగ్గు. ఆంత్రసైట్ అనే గట్టి బొగ్గు తేమను అంతగా పట్టుకోదు, దానికి ఇంత తేడా కనిపించకపోవచ్చు. పొగ గదిలోకి తన్నుతుంటే మాత్రం ఇదంతా పక్కనపెట్టి, పొయ్యి ఆపి గొట్టం చూపించండి. పొగతో వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.