చుట్టాలొచ్చే ఇంట్లో పిల్లి: తిరుపతి ఇళ్ళ సమస్యలు, పరిష్కారాలు

తిరుపతిలో కాపురం ఉండేవాళ్ళకు ఇది కొత్త కాదు. దర్శనం టికెట్ దొరికిందని ఒకరు, మొక్కు తీర్చుకోవాలని ఒకరు, పిల్లాడికి పుట్టువెంట్రుకలు తీయించాలని మరొకరు, ఏడాది పొడుగునా చుట్టాలు వస్తూనే ఉంటారు. మనకది సంతోషం. పిల్లికి మాత్రం తను పడుకునే చోట ఎవరివో సూట్‌కేసులు, రోజూ తెరిచుండే తలుపుకు గడియ, తిండి వేళలన్నీ తారుమారు. నోరు తెరిచి చెప్పలేదు కాబట్టి పరుపు మీద పోస్తుంది, బీరువా ఎక్కి దిగదు, తిండి మానేస్తుంది. పిల్లి తేడాగా ఉందని ఎవరు చెప్పినా నేను ముందు అడిగే మాట: ఈ వారంలో ఇంట్లో ఏం మారింది? చాలావాటికి జవాబు అక్కడే దొరుకుతుంది.

ఒక్క సమస్యకు మాత్రం ఇలా ఆరా తీస్తూ కూర్చునే టైం ఉండదు. ముందు అదే చెప్తాను.

మగపిల్లి మాటిమాటికీ ట్రేలోకి (ఒంటేలు, దొడ్డికి పెట్టిన ఇసుక పళ్ళెం) వెళ్తుంది, చుక్క కూడా రాదు

"వదినా, మావాడు పొద్దున్నుంచీ ట్రేలోనే కూర్చుంటా ఉండాడు. మలబద్ధకమేమో, రవ్వంత ఆముదం పట్టేదా?"

ఇలాంటి ఫోన్ వస్తే ఆముదం సంగతి పక్కనబెట్టి, ఒంటేలు ఎప్పుడు పోసిందో చూడమంటాను. ట్రేలో లిట్టర్ (తడిని పీల్చే ఇసుక లాంటిది) నిన్నటి నుంచి ఎక్కడా తడిసి ఉండ కట్టలేదంటే అది మలబద్ధకం కాదు. కూర్చుని ముక్కడం, అరవడం, వెనకభాగం అదేపనిగా నాక్కోవడం, తర్వాత వాంతులు, మంచం కింద దూరి కదలకపోవడం, వరుసగా కనిపించేవి ఇవే.

మగపిల్లి మూత్రనాళం చాలా సన్నం. మూత్రంలో తయారయ్యే స్ఫటికాలు, జిగురు కలిసి దాన్ని మూసేస్తాయి. నీళ్ళు సరిగా తాగకుండా డ్రై ఫుడ్ మీదే బతికే పిల్లికి, ఒళ్ళు చేసిన పిల్లికి, ఇంట్లో హడావిడికి టెన్షన్ పడే పిల్లికి ఇది వచ్చే అవకాశం ఎక్కువ. మూత్రం ఆగిపోతే రక్తంలో పొటాషియం పెరుగుతుంది, దాంతో గుండె దెబ్బతింటుంది. ఒకట్రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు.

దీనికి ఇంటి వైద్యం లేదు. పొట్ట నొక్కొద్దు, నీళ్ళు బలవంతంగా పట్టొద్దు, తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. బుట్టలో పెట్టుకుని డాక్టరు దగ్గరికి పోవడమే. మత్తిచ్చి సన్నటి గొట్టం వేసి మూత్రం తీస్తారు. ఈ విషయంలో తిరుపతివాళ్ళం అదృష్టవంతులం. 1955లో పెట్టిన పశువైద్య కళాశాల ఊళ్ళోనే ఉంది, ఇప్పుడది శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కిందికి వస్తుంది. అక్కడి ఆసుపత్రికి ఆవులూ గేదెలతో పాటు కుక్కలూ పిల్లులూ వస్తాయి. రాత్రిళ్ళు, పండగ రోజుల్లో ఏ డాక్టరు దొరుకుతారో పిల్లి బాగున్నప్పుడే కనుక్కుని ఫ్రిజ్ మీద రాసిపెట్టుకోండి.

ఇంటికి తెచ్చాక నీళ్ళ మీద దృష్టి పెట్టాలి. తిండిగిన్నె పక్కన ఒక్క గిన్నె పెట్టి వదిలేయకుండా ఇంట్లో మూడు నాలుగు చోట్ల వెడల్పాటి గిన్నెల్లో నీళ్ళు పెట్టండి. డ్రై ఫుడ్ తగ్గించి తడి తిండి పెంచండి. ఉప్పు, ఉల్లి లేకుండా ఉడికించిన చికెన్ నీళ్ళయితే ఇష్టంగా తాగుతాయి.

చుట్టాలు దిగిన రోజే పరుపు మీదో, వాళ్ళ బ్యాగు మీదో పోసింది

పిన్నమ్మ బ్యాగు తడిసిందంటే ఇంట్లో పంచాయతీ మొదలైనట్టే. పిల్లికి పొగరని, పగబట్టి చేసిందని అంటారు. అది పగ కాదు. ఆ బ్యాగు బస్సు డిక్కీలో ఊళ్ళు తిరిగి వచ్చింది. దానికి తెలియని మనుషుల, కుక్కల వాసనలు అంటి ఉంటాయి. తన ఇంట్లోకి వచ్చిన ఆ వాసన మీద తన వాసన వేస్తే గానీ దానికి నెమ్మది ఉండదు.

ఇంకో కారణం ఇంతకంటే మామూలుది. ట్రే బాల్కనీలో ఉంటుంది, చుట్టాలు హాల్లో పడుకుంటారు, దోమలొస్తాయని బాల్కనీ తలుపు గడియ పెడతారు. ఇక అదెక్కడికి పోవాలి?

ఎలా పోసిందో చూస్తే కారణం తెలుస్తుంది. నిలబడి తోక వణికిస్తూ గోడకో బ్యాగుకో కొద్దిగా చిమ్మితే అది గుర్తు వేయడం. ఆపరేషన్ చేయించని గండుపిల్లిలో ఇది ఎక్కువ. చేయిస్తే చాలావరకు తగ్గుతుంది. కూర్చుని పరుపు మీద మడుగు కట్టేలా పోస్తే ట్రే అందలేదనో, ట్రే నచ్చలేదనో, మూత్రంలో మంట ఉందనో అర్థం. రెండు రోజులు ఇదే వరస అయితే డాక్టరుకు చూపించాలి.

చుట్టాలు రాకముందే ట్రేను మీ పడకగదిలోకి మార్చండి. కుదిరితే రెండోది ఇంకో మూల పెట్టండి. ఎన్ని పిల్లులుంటే అంతకంటే ఒక ట్రే ఎక్కువ ఉండాలన్నది మంచి లెక్క. వచ్చినవాళ్ళ బ్యాగులు బీరువాలోనో, తలుపేసిన గదిలోనో పెట్టించండి. పిల్లి పడుకునే పాత దుప్పటిని ఆ వారం ఉతకొద్దు, ఇల్లంతా కొత్త వాసనలు నిండినప్పుడు దానికి మిగిలిన తన వాసన అదొక్కటే.

శుభ్రం చేసేటప్పుడు మనవాళ్ళు మొదట అందుకునేది ఫినాయిల్. దాన్ని పిల్లి ఉన్న ఇంట్లో వాడకూడదు. ఫినాల్ రసాయనాలను పిల్లి కాలేయం సరిగా విరవలేదు, కాళ్ళకంటినది నాక్కుంటే విషమవుతుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్ అయితే మూత్రం వాసనే కాబట్టి మళ్ళీ అక్కడికే వస్తుంది. తడిని బట్టతో అద్ది తీసి, సబ్బునీళ్ళతో తుడిచి, వంటసోడా చల్లి ఆరాక దులిపి, పరుపును మిద్దె మీద ఎండలో వేయండి. మన ఎండ ఈ ఒక్క పనికైనా ఉపయోగపడాలి కదా.

తెల్లవారుజామున అందరూ కొండకు బయల్దేరారు, తర్వాత చూస్తే పిల్లి లేదు

సామాన్లు దించుతారు, చెప్పుల కోసం వెతుకుతారు, ఆటో వచ్చిందని ఒకరు కేకేస్తారు, వీధి తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉంటాయి. భయపడ్డ పిల్లి జారుకునేది అప్పుడే. ప్రయాణం హడావిడి మొదలవ్వకముందే దాన్ని ఒక గదిలో పెట్టి తలుపేసి, పిల్లలకు అందని ఎత్తులో గడియ వేయండి.

పోయిందా, వీధి చివరిదాకా పరుగెత్తొద్దు. ఇంట్లో పెరిగిన పిల్లి బయట పడితే సాధారణంగా నాలుగైదు ఇళ్ళ లోపలే ఎక్కడో నక్కి ఉంటుంది. పేరు పెట్టి పిలిచినా పలకదు, భయం అలాంటిది. మెట్ల కింద, మోటారు గూడులో, కారు కింద, నీళ్ళ ట్యాంకు వెనక చూడండి. బైరాగిపట్టెడ, కొర్లగుంట వైపు మిద్దెలు ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి కాబట్టి కింద వెతికే ముందు పైన వెతకాలి. పక్కింటివాళ్ళను అడిగి మిద్దెకెక్కి, రాత్రి సందడి తగ్గాక టార్చ్ వేసి చూడండి, వెలుగు పడితే కళ్ళు మెరుస్తాయి. కనిపించగానే మీద పడకుండా గిన్నెలో తిండి పెట్టి దూరంగా కూర్చోండి.

పెరటాసి నెలలో సరిగా తినదు, చిక్కిపోతుంది

పెరటాసి అంటే సెప్టెంబరు నడిమి నుంచి అక్టోబరు నడిమి దాకా. ఆ నెలంతా మన దగ్గర చాలా ఇళ్ళల్లో నీచు ఊసే ఉండదు. శనివారాలు స్వామికి తళిగలు (నైవేద్యాలు), బ్రహ్మోత్సవాలు కూడా దాదాపు ఆ రోజుల్లోనే. పిల్లికి పెరుగన్నం పెట్టి "అది కూడా స్వామి పిల్లే" అంటారు. భక్తి మనది, ఒళ్ళు దానిది. పిల్లి మాంసాహారి. టారిన్ అనే పోషకం దానికి మాంసం, చేపల నుంచే అందాలి. నెలల తరబడి అందకపోతే చూపు పోతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. ఒక నెలకే గుడ్డిదైపోదు గానీ, రోజూ అన్నమే అంటే బరువు తగ్గుతుంది, బయట దొంగతిండికి అలవాటు పడుతుంది.

అవ్వతో వాదించడం కన్నా ఏర్పాటు చేసుకోవడం మేలు. ప్యాకెట్ ఫుడ్ వంటింట్లో పెట్టకుండా మిద్దె మెట్ల కింద డబ్బాలో పెట్టండి. గిన్నె వేరు, తోమే పీచు వేరు, తినే చోటు బయట. ఇంట్లో వండటం లేదు, తేవడం లేదు అన్నాక చాలామంది పెద్దవాళ్ళు ఒప్పుకుంటారు. కాకపోతే పెరటాసి మొదటిరోజే తిండి మార్చేయకుండా వారం ముందు నుంచే పాతదాంట్లో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ రావాలి. "ఆకలేస్తే అదే తింటుంది" అనే మొండితనం పిల్లి దగ్గర పనికిరాదు. ఒకట్రెండు రోజులు ఏమీ తినకపోతే, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లికి, కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికి వస్తుంది.

పాల సంగతీ ఇక్కడే చెప్పాలి. పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. విరేచనాలు పట్టుకుంటే ముందు పాలు ఆపి చూడండి. పెరటాసి నెల నిండాక మిగిలిన కోడికూర పెట్టేవాళ్ళకు ఇంకో మాట: ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను చంపుతాయి. పులుసులో ఉడికిన ముక్కను కడిగి పెట్టినా ఆ రసం లోపలే ఉంటుంది. ముక్కలు ముందే విడిగా ఉడికించి తీయండి.

కొండమీద సుప్రభాతం వేళకు మన ముఖం మీద కాలు పెడుతుంది

పిల్లి తెల్లవారుజామున, మునిమాపున చురుగ్గా వేటాడే జంతువు. మీరు లేచి తిండి పెట్టారంటే, కాలు పెడితే అన్నం వస్తుందని నేర్పినట్టే. పడుకునే ముందు తాడు కట్టిన ఈకతోనో, కాగితం ఉండతోనో అలిసేదాకా ఆడించి, ఆ తర్వాత కడుపునిండా పెట్టండి. తెల్లవారుజామున ఏం చేసినా కదలొద్దు. మొదట్లో గోల ఇంకా పెంచుతుంది. ఆ కొన్నాళ్ళూ ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి. తాతయ్య జాలిపడి ఒక్కసారి పెట్టారో, మళ్ళీ మొదటికే.

కలంకారీ బట్ట నాకింది, పూలదారం మింగింది

శ్రీకాళహస్తి దగ్గరే కాబట్టి మన వైపు కలం పట్టి బొమ్మలు వేసే సరదా ఉన్నవాళ్ళు ఎక్కువే. బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరేస్తారు కదా, ఆ పాలవాసనకు పిల్లి వచ్చి బట్ట మీద బోర్లా పడుకుని నాకుతుంది. తిడితే పోదు. ఎత్తైన దండెం మీద, తలుపేసే గదిలో ఆరేయండి. నల్లరంగు కోసం బెల్లం, ఇనుము ఊరబెట్టిన కుండకు, పటిక నీళ్ళకు మూత తప్పనిసరి, అవి దాని కడుపులోకి పోవాల్సినవి కావు.

అంతకంటే ప్రమాదం దారం. మల్లెలు కడుతూ వదిలేసిన దారం, మగ్గం వర్క్ జరీ, కుట్టుమిషన్ కింద పడిన పోగు, దేన్నైనా మింగుతుంది. ఒక కొస నాలుక కింద చిక్కుకుంటే మిగతాది పేగులను ముడతలు పెట్టి కోసేస్తుంది. నోట్లోంచి గానీ వెనకనుంచి గానీ దారం వేలాడుతుంటే లాగొద్దు, కత్తిరించొద్దు. అలాగే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. దారం కనపడకపోయినా తిండి మాని వాంతులు చేసుకుంటుంటే దారాల డబ్బాలో ఏమైనా తగ్గిందేమో చూసి డాక్టరుకు చెప్పండి.

జ్వరంగా ఉందని మాత్ర వేశాం, గోమార్లున్నాయని కుక్కల మందు పూశాం

రెండూ ప్రాణం తీసేవే. మనం వేసుకునే పారాసిటమాల్ ఒక్కటి చాలు పిల్లి చనిపోవడానికి. కుక్కల గోమారి మందుల్లో కొన్నిట్లో పర్మెత్రిన్ ఉంటుంది, పిల్లికి అది తగిలితే వణుకు, ఫిట్స్ వస్తాయి. వేసేశారంటే అట్టపెట్టె చేతిలో పట్టుకుని అప్పటికప్పుడు బయల్దేరండి. నాఫ్తలీన్ ఉండలు, కర్పూరం కూడా అందకుండా పెట్టండి.

అమ్మాయి కాన్పుకు పుట్టింటికొస్తోంది, పిల్లిని వదిలేయమంటున్నారు

వదిలేయక్కర్లేదు. భయం టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి. అది సోకిన పిల్లి మలంలో కొన్నాళ్ళు పడుతుంది. పడిన వెంటనే అంటుకోదు, అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. కాబట్టి ట్రే రోజూ శుభ్రం చేయాలి, ఆ పని గర్భిణి కాకుండా ఇంకొకరు చేయాలి. పిల్లికి పచ్చిమాంసం పెట్టొద్దు, వేటకు వదలొద్దు. మనుషులకు ఇది సగం ఉడికిన మాంసం, కడగని కూరగాయలు, తోటమట్టి నుంచి కూడా వస్తుంది. వియ్యపురాలికి ఆ మాట చెప్పే బాధ్యత మీ డాక్టరమ్మకు అప్పగించండి, మన మాట కన్నా ఆవిడ మాట చెల్లుతుంది.

చుట్టాలబ్బాయి తోక లాగాడు, పిల్లి కరిచింది

ముందు పిల్లిని వేరే గదిలో పెట్టి, గాయాన్ని కొళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం ఏవీ వద్దు, గట్టిగా కట్టు కూడా కట్టొద్దు. పిల్లిపంటి గాటు పైకి చిన్నగా కనిపించినా లోతుగా దిగుతుంది, మర్నాటికే వాచి చీము పట్టవచ్చు. అదే రోజు రుయా ఆసుపత్రికో, దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికో తీసుకెళ్ళండి. రేబిస్ టీకా అవసరమంటే మొదటి రోజు (దాన్ని సున్నాగా లెక్కపెట్టి), తర్వాత 3, 7, 28వ రోజుల్లో చర్మంలోకి వేస్తారు. దర్శనం ముగించుకుని ఊరెళ్ళిపోతే మిగతా డోసులు అక్కడి ఆసుపత్రిలో వేయించుకోవాలని కాగితం మీద తేదీలు రాసిచ్చి పంపండి. పిల్లికి మూడు నెలల వయసులో, ఆ తర్వాత ఏటా రేబిస్ టీకా వేయించి ఉంటే ఆ కార్డు కూడా డాక్టరుకు చూపించండి. కరిచిన పిల్లిని పది రోజుల పాటు ఇంట్లోనే ఉంచి గమనించాలి, ఈలోగా ఎవరికీ ఇచ్చేయొద్దు.