లాసిక్ తర్వాత గ్లకోమాను సకాలంలో ఎలా కనిపెట్టాలి?

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి పెళ్లికి ముందో, ఉద్యోగం సెలక్షన్లకు ముందో హైదరాబాద్ వెళ్లి లాసిక్ (అద్దాల అవసరం తగ్గించే లేజర్ కంటి ఆపరేషన్) చేయించుకునేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. లాసిక్ వల్లే గ్లకోమా (నీటికాసులు, అంటే కంటి నరం దెబ్బతినే జబ్బు) వస్తుందని టెన్షన్ పడక్కర్లేదు. అయితే మైనస్ పవర్ ఎక్కువున్న కళ్లకు ఈ నీటికాసుల ముప్పు ముందునుంచే ఎక్కువ. అద్దాలు పోయినా ఆ ముప్పు పోదు. పైగా ఆపరేషన్ తర్వాత దాన్ని పట్టుకోవడం కష్టమవుతుంది.

అందుకే ముందుగా పాత రిపోర్టులు సంపాదించండి. ఆపరేషన్‌కు ముందు కంటి ప్రెషర్ ఎంత, కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) మందం ఎన్ని మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), కంటి నరం ఎలా ఉంది అన్నవి అందులో ఉండాలి. ప్రెషర్ చూసేటప్పుడు మొద్దుబారే చుక్క వేసి, నీలి వెలుతురులో ఒక చిన్న మొనను నల్లగుడ్డుకు ఆనిస్తారు కదా, ఆ పరికరం లెక్కంతా కార్నియా సుమారు 520 మైక్రాన్లు ఉంటుందన్న అంచనా మీద నడుస్తుంది. లాసిక్‌లో కార్నియా పలుచబడుతుంది. పలుచని కార్నియా తేలిగ్గా లొంగుతుంది కాబట్టి ప్రెషర్ ఉన్నదానికన్నా తక్కువగా కనబడుతుంది. మామూలుగా 10 నుంచి 21 (mmHg) దాకా నార్మల్ అంటారు. మీకు 18 వచ్చిందంటే లోపల 21 దాటి ఉండొచ్చు.

తర్వాత చుక్కల మందు. ఆపరేషన్ అయ్యాక ఇచ్చే స్టెరాయిడ్ చుక్కలు కొందరికి కొన్ని వారాల్లోనే ప్రెషర్ పెంచుతాయి, నొప్పి కూడా తెలియదు. పీఆర్‌కే (లాసిక్ లాంటిదే ఇంకో లేజర్ ఆపరేషన్) చేయించుకున్నవాళ్లు ఇంకా ఎక్కువ రోజులు వాడాలి కాబట్టి మధ్యలో చెకప్ మానొద్దు. ఎప్పటిదాకా వేయాలో ఆ తేదీని సీసా మీదే పెన్నుతో రాసుకోండి. సొంతంగా ఆపకండి, పొడిగించకండి. నన్ను ఎక్కువ భయపెట్టేది ఆ తర్వాతి సంగతి. వరికోతలప్పుడో, మిర్యాలగూడ మిల్లుల దగ్గరో దుమ్ము పడి కన్ను ఎర్రబడగానే మెడికల్ షాపులో పాత సీసా చూపించి "ఇదే ఇవ్వన్నా" అంటారు. దాని మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్ అని ఉంటే అది స్టెరాయిడే. దయచేసి అలా కొనకండి.

ఏ కంటి డాక్టర్ దగ్గరికెళ్లినా, పదిహేనేళ్ల తర్వాతైనా సరే, లాసిక్ అయిందని మొదటే చెప్పండి. ప్రెషర్ ఒక్కటే చూసి పంపిస్తే కంటి నరానికి ఓసీటీ అనే స్కాన్, పక్కలకు చూపు ఎంత మేర అందుతుందో చూసే ఫీల్డ్ టెస్ట్ అడగండి. మొదటి ఫలితాలు దాచి పెడితే తర్వాతి వాటితో పోల్చి చూడొచ్చు. అమ్మానాన్నలకో, తోడబుట్టినవాళ్లకో నీటికాసులున్నా, మీకు నలభై దాటినా ఏటా చూపించుకోండి. ఖర్చుకు వెనకాడేవాళ్లకు మెహదీపట్నంలో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. పాత రిపోర్టుల ఫైలు మరవకుండా వెంట తీసుకెళ్లండి.